దివిదివి చెట్టు చూపించే దారి: కరీబియన్ బీచ్‌కు మొదటిసారి వెళ్లేవారికి

అరూబా దీవిలో దివిదివి చెట్లన్నీ ఒకే పక్కకు వాలి ఉంటాయి. ఎవరో పట్టుకుని వంచినట్టు మాను పడమటికేసి ఒరిగిపోతుంది, కొమ్మలు విరబోసిన జుట్టులా వెనక్కి పోతాయి. ఈ చెట్టు మనకు కొత్త కాదు. తోళ్లు పదును చేయడానికి కాయలు పనికొస్తాయని మన దేశంలోనూ ఇదే పేరుతో పెంచారు. మన దగ్గర అది అలా వాలదు. అరూబాలో దాన్ని వంచింది గాలి. ఏడాదిలో దాదాపు ప్రతిరోజూ తూర్పు, ఈశాన్యం నుంచి ఒకే దిక్కుగా వీచే గాలి. దారి తప్పిన యాత్రికులకు అక్కడివాళ్లు ఓ మాట చెబుతారు: చెట్టు ఎటు వాలితే అటు వెళ్లండి, హోటళ్లు వస్తాయి.

కరీబియన్ ప్రయాణం గురించి నేను చెప్పదలచుకున్నది చాలావరకు ఆ చెట్టులోనే ఉంది. మొదటిసారి వెళ్లేవాళ్లు ఏ హోటల్ బాగుంటుంది, ఎంత ఖర్చవుతుంది అని అడుగుతారు. అంతకంటే ముందు తేల్చుకోవాల్సినవి మూడున్నాయి: ఏ దీవి, ఆ దీవిలో ఏ వైపు, ఏ నెల. మూడింటికీ సగానికి పైగా జవాబు గాలే చెబుతుంది. నాలుగోది మన పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లకు ప్రత్యేకం. అది కాగితాల సంగతి. ఈ నాలుగూ తేలితే మిగతాదంతా సులువు.

ఒక జట్టు, ఎన్నో దేశాలు

కరీబియన్ అంతా ఒక్క చోటని మనం అనుకోవడానికి క్రికెట్టే కారణమేమో. వెస్టిండీస్ అని ఒకే జట్టు, ఒకే టోపీ. బ్రిడ్జ్‌టౌన్, కింగ్‌స్టన్, పోర్ట్ ఆఫ్ స్పెయిన్ అన్నీ ఒకే దేశంలోని ఊళ్లలా చెవికి అలవాటైపోయాయి. నిజానికి బ్రిడ్జ్‌టౌన్ బార్బడోస్ రాజధాని, కింగ్‌స్టన్ జమైకా రాజధాని, పోర్ట్ ఆఫ్ స్పెయిన్ ట్రినిడాడ్ అండ్ టొబేగో రాజధాని. చివరి రెండింటి మధ్య దాదాపు 1,800 కిలోమీటర్లు ఉంది. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి ఆకాశమార్గాన అంత దూరం లేదు. డబ్బు వేరు, వీసా వేరు, కొన్నిచోట్ల భాష కూడా వేరు. మార్టినిక్‌లో ఫ్రెంచి, డొమినికన్ రిపబ్లిక్‌లో స్పానిష్, కురసావ్‌లో పాపియమెంటు, డచ్చి వినిపిస్తాయి. బహామాస్ అయితే కరీబియన్ సముద్రంలోనే లేదు, అది అట్లాంటిక్‌లో ఉంది. పేర్ల దగ్గరా జాగ్రత్త కావాలి. డొమినికా, డొమినికన్ రిపబ్లిక్ రెండు వేర్వేరు దేశాలు. టికెట్ కొనేటప్పుడు విమానాశ్రయం పేరు మరోసారి చదవండి.

అందుకే వారం రోజుల్లో నాలుగు దీవులు చుట్టేద్దాం అనే ఆలోచన మొదటిసారికి పనికిరాదు. దీవుల మధ్య తిరిగే చిన్న విమానాలు తక్కువ, ఆలస్యాలు ఎక్కువ. ఒక్క విమానం తప్పితే ఒక రోజు సెలవు విమానాశ్రయంలోనే గడిచిపోతుంది. ఒక దీవి చాలు. మనసు ఒప్పుకోకపోతే పడవలో వెళ్లగలిగిన పొరుగు దీవి ఒకటి కలుపుకోండి: గ్రెనడా నుంచి కరియకూ, ట్రినిడాడ్ నుంచి టొబేగో, ప్యూర్టో రికో నుంచి కులేబ్రా.

దీవుల్ని నేను రెండు రకాలుగా చూస్తాను. కొన్ని బల్లపరుపుగా ఉంటాయి: బార్బడోస్, ఆంటిగ్వా, అంగ్విల్లా, అరూబా లాంటివి. మరికొన్ని అగ్నిపర్వతాల దీవులు, నిటారు కొండలవి: డొమినికా, సెయింట్ లూసియా, సెయింట్ విన్సెంట్. తడిగాలి కొండను తాకితే వాన కురుస్తుంది. డొమినికాలో 1,400 మీటర్లు దాటిన కొండ ఉంది. అందుకే అక్కడ జలపాతాలు, నదులు, దట్టమైన అడవి, చాలాచోట్ల నల్ల ఇసుక. బల్లపరుపు దీవుల్లో వాన తక్కువ, పగడపు దిబ్బల నుంచి వచ్చిన తెల్ల ఇసుక. ఆ ఇసుక కథ వింటే పిల్లలకు సరదాగా ఉంటుంది: చిలుకచేపలు పగడాన్ని కొరికి నమిలి, అరగని సున్నాన్ని విసర్జిస్తాయి. మనం వెన్నలా ఉందని పొగిడే ఇసుకలో చాలా భాగం అదే. బీచ్ కోసమే వెళ్తుంటే బల్లపరుపు దీవి, అడవి కూడా కావాలంటే కొండ దీవి.

తూర్పా, పడమరా

ఇప్పుడు అసలు విషయం. బార్బడోస్ అడ్డంగా 23 కిలోమీటర్లే. తూర్పు తీరంలో బాత్‌షీబా అనే ఊరుంది. ఆఫ్రికా నుంచి అడ్డూ ఆపూ లేకుండా వచ్చిన అట్లాంటిక్ అలలు అక్కడి రాళ్లను బాదుతుంటాయి. చూడ్డానికి అద్భుతం, సర్ఫింగ్ చేసేవాళ్లకు స్వర్గం, ఈదేవాళ్లకు ప్రమాదం. కారులో గంట కూడా పట్టని దూరంలో పడమటి తీరాన హోల్‌టౌన్, పేన్స్ బే ఉన్నాయి. అక్కడ సముద్రం చెరువులా ఉంటుంది. దీవి తానే గోడలా నిలబడి గాలిని ఆపేస్తుంది కాబట్టి అటువైపు గాలిచాటు. దక్షిణ తీరం రెంటికీ మధ్యరకం: పిల్లలు ఆడుకునేంత అల ఉంటుంది, తిండి దుకాణాలు, బస్సులు, మోస్తరు ధర గదులు ఉంటాయి.

ఈ సూత్రం ఒక్క బార్బడోస్‌ది కాదు. పేరు పొందిన ప్రశాంతమైన బీచ్‌లను పటం మీద గుర్తుపెట్టి చూడండి. అరూబాలో ఈగిల్ బీచ్ పడమట, గ్రాండ్ కేమన్‌లో సెవెన్ మైల్ బీచ్ పడమట, జమైకాలో నెగ్రిల్ పడమటి కొసన, గ్రెనడాలో గ్రాండ్ ఆన్స్ నైరుతిలో, టొబేగోలో పిజన్ పాయింట్ నైరుతిలో. మన ఆంధ్ర తీరమంతా తూర్పు ముఖంగా ఉంటుంది, బీచ్ అనగానే మనకు సూర్యోదయం గుర్తుకొస్తుంది. అక్కడ ఈత కొట్టదగ్గ బీచ్ ఎక్కువగా సూర్యాస్తమయం చూపిస్తుంది. హోటల్ ప్రకటనలో 'సూర్యోదయ దృశ్యం' అని గొప్పగా రాసి ఉంటే ఆ గది గాలి కొట్టే తీరంలో ఉందని అర్థం చేసుకోవచ్చు. మినహాయింపులు ఉన్నాయి. పగడపు దిబ్బ అడ్డంగా ఉంటే తూర్పున కూడా నీళ్లు నిలకడగా ఉంటాయి. డిసెంబర్ నుంచి మార్చి వరకు ఉత్తర అట్లాంటిక్ తుఫాన్లు పంపే పెద్ద అలలు ఉత్తర తీరాలను, ఒక్కోసారి పడమటి తీరాలను కూడా తాకుతాయి. ప్యూర్టో రికో ఉత్తర తీరంలో చలికాలం ఈత కొట్టాలనుకునేవాళ్లు దీన్ని మరిచిపోకూడదు.

తూర్పు తీరానికి 2011 నుంచి మరో చిక్కు వచ్చి పడింది. సర్గాసం అనే గోధుమరంగు సముద్రపు నాచు. అంతకు ముందు అది ఇంత మోతాదులో ఈ తీరాలకు కొట్టుకురాలేదు. ఇప్పుడు పశ్చిమాఫ్రికా వైపు నుంచి మెక్సికో అఖాతం దాకా అట్లాంటిక్ మీద పెద్ద పట్టీలా ఏర్పడి, గాలికీ ప్రవాహానికీ తూర్పు తీరాలకు చేరుతోంది. ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా ఎక్కువ. తేలుతున్నంత సేపు అది చేపలకు, తాబేలు పిల్లలకు నీడ. ఒడ్డున గుట్టపడి కుళ్లితే కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తుంది. అది హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు. ఉబ్బసం ఉన్నవాళ్లు ఆ గుట్టలకు దూరంగా ఉండాలి.

మా ఇంట్లో మొదటి ప్రయాణం ఇలాగే చేదయింది. తూర్పు తీరాన ఒక హోటల్, మే నెల, ఫొటోలో నీలం నీళ్లు. వెళ్లేసరికి మోకాలి ఎత్తు నాచు, దాన్ని ఎత్తిపోసే ట్రాక్టరు. మా అమ్మాయి ఐదు రోజులూ హోటల్ కొలనులోనే గడిపింది. ఎవరినీ తప్పుపట్టలేను. ఏ వైపు, ఏ నెల అని నేను అడగలేదు. డొమినికన్ రిపబ్లిక్‌లోని పుంటా కానా, మెక్సికోలో కాంకూన్‌కు దక్షిణాన ఉన్న తీరం తూర్పు ముఖంగానే ఉంటాయి కనుక వేసవిలో అటు వెళ్లేవాళ్లు ఈ ప్రశ్న తప్పక అడగాలి. సౌత్ ఫ్లోరిడా విశ్వవిద్యాలయం ఉపగ్రహ చిత్రాలతో నెలనెలా నాచు అంచనా ఇస్తుంది. అంతకంటే సులువైన పని, గత వారంలో అక్కడికి వెళ్లినవాళ్లు పెట్టిన ఫొటోలు తేదీ చూసి వెతకడం.

తుఫాను నెలలు

2024 జూన్ 29న బ్రిడ్జ్‌టౌన్ కెన్సింగ్‌టన్ ఓవల్‌లో భారత్ టీ20 ప్రపంచకప్ గెలిచింది. మన హైదరాబాదీ మహమ్మద్ సిరాజ్ ఆ జట్టులో ఉన్నాడు. గెలిచిన జట్టు వెంటనే ఇంటికి రాలేకపోయింది. బెరిల్ అనే హరికేన్ దూసుకొస్తుండటంతో విమానాశ్రయం మూసేశారు. హోటల్లోనే ఉండిపోయి, జూలై 4న ప్రత్యేక విమానంలో ఢిల్లీ చేరారు. ప్రపంచ విజేతలకే తప్పనిది సెలవుకు వెళ్లిన కుటుంబానికి తప్పుతుందా?

హరికేన్ అంటే మన బంగాళాఖాతం తుఫానే, పేరు మాత్రం వేరు. అక్కడ సీజన్ జూన్ 1 నుంచి నవంబర్ 30 వరకు లెక్క. ఉద్ధృతి ఆగస్టు మధ్య నుంచి అక్టోబర్ దాకా, సెప్టెంబర్ రెండో వారం శిఖరం. దీవుల్లో పాతకాలం నుంచి ఒక సామెత ఉంది: జూన్ అంటే మరీ ముందు, జూలైలో సిద్ధంగా ఉండు, ఆగస్టులో కాచుకో, సెప్టెంబర్‌ను గుర్తుంచుకో, అక్టోబర్‌తో సరి. ఆ సామెత అటూ ఇటూ సడలిపోయింది. బెరిల్ 2024 జూలై 1నే గ్రెనడాకు చెందిన కరియకూ దీవిని ధ్వంసం చేసింది. ఇక మెలిస్సా 2025 అక్టోబర్ 28న, అంటే 'సరి' అనుకునే వేళకు, జమైకా పడమటి భాగాన్ని అత్యంత తీవ్రస్థాయిలో తాకింది. జమైకా వెళ్లాలనుకునేవాళ్లు, ముఖ్యంగా ఆ పడమటి జిల్లాలకు వెళ్లేవాళ్లు, హోటల్ తెరిచిందా, చుట్టుపక్కల రోడ్లు, కరెంటు ఎలా ఉన్నాయో ఫోన్ చేసి కనుక్కోవాలి. వెళ్లడం మానుకోమని మాత్రం అనను. యాత్రికుల డబ్బు మీదే బతికే ఊళ్లకు అది ఆసరా.

అరూబా, బొనేర్, కురసావ్ మూడూ భూమధ్యరేఖకు దగ్గరగా, 12 డిగ్రీల దగ్గర ఉండటంతో హరికేన్ల దారికి చాలావరకు పక్కన ఉంటాయి. ట్రినిడాడ్ కూడా అంతే. పిల్లల సెలవులు ఆగస్టులోనే ఉన్నాయంటే ఈ నాలుగింటినే చూడమంటాను. పూర్తి హామీ ఎక్కడా లేదు. దక్షిణాన ఉన్నాం కదా అనుకున్న గ్రెనడాలో 2004 సెప్టెంబర్‌లో ఐవాన్ పదింట తొమ్మిది ఇళ్లను దెబ్బతీసింది.

డిసెంబర్ మధ్య నుంచి ఏప్రిల్ మధ్య దాకా వాతావరణం పొడిగా, హాయిగా ఉంటుంది, ధరలు మాత్రం ఆకాశంలో ఉంటాయి. నా ఎంపిక ఏప్రిల్ చివరి వారం నుంచి మే నెలాఖరు వరకు, పడమటి తీరం. లేదంటే డిసెంబర్ మొదటి రెండు వారాలు. ధర తగ్గుతుంది, తుఫాను భయం దాదాపు ఉండదు. హరికేన్ సీజన్‌లో వెళ్లాల్సి వస్తే ప్రయాణ బీమా టికెట్‌తో పాటే కొనండి. తుఫానుకు పేరు పెట్టాక కొన్న బీమా ఆ తుఫానుకు పనిచేయదు. చాలామందికి ఈ సంగతి వార్తల్లో తుఫాను పేరు విన్న తర్వాతే తెలుస్తుంది.

కాగితాలు

భారత పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లు బార్బడోస్, ట్రినిడాడ్, గ్రెనడా, డొమినికా, జమైకాలకు విహారయాత్ర కోసం ముందుగా వీసా తీసుకోనక్కర్లేదు. వినడానికి బాగుంది. కానీ హైదరాబాద్ నుంచి అక్కడికి నేరుగా విమానం లేదు. అమెరికా మీదుగా వెళ్తే, విమానాశ్రయం బయట అడుగు పెట్టకపోయినా అమెరికా వీసా ఉండాలి. అక్కడ వీసా లేకుండా విమానం మారే వెసులుబాటు మనకు లేదు. లండన్ మీదుగా అయితే విమానాశ్రయం మారుతున్నారా, ఒకే టికెట్టా, మీ దగ్గర ఇంకే వీసా ఉంది అన్నదాన్ని బట్టి ట్రాన్సిట్ వీసా అవసరం కావచ్చు. అంటే దీవికి వీసా అక్కర్లేకపోయినా దారికి కావాలి. విమానం ఎక్కనివ్వాలా వద్దా అని చూసేది బయలుదేరే కౌంటర్ దగ్గరే కాబట్టి చిక్కు శంషాబాద్‌లోనే ఎదురవుతుంది.

చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా ఉంటే మరిన్ని తలుపులు తెరుచుకుంటాయి: డొమినికన్ రిపబ్లిక్, అరూబా, కురసావ్, బహామాస్ లాంటివి. మార్టినిక్, గ్వాడలూప్ విషయంలో పెద్ద పొరపాటు జరిగే అవకాశం ఉంది. అవి ఫ్రాన్సులో భాగమే, యూరోలే వాడతారు, అయినా షెంగెన్ ప్రాంతంలోకి, అంటే ఒకే వీసాతో తిరగగలిగే ఐరోపా దేశాల కూటమిలోకి, రావు. పారిస్ చూడ్డానికి తీసుకున్న షెంగెన్ వీసా అక్కడికి దానంతట అది చెల్లదు. ఫ్రెంచి సముద్రాంతర ప్రాంతాలకు చెల్లుతుందని వీసా మీద ఉండాలి.

అమెరికాలో ఉంటున్న మనవాళ్ల సంగతి ఇంకొంచెం చిక్కు. హెచ్-1బి ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్లలో చాలామందికి ఐ-94, అంటే దేశంలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే పత్రం, చెల్లుతూనే ఉంటుంది, పాస్‌పోర్ట్‌లోని వీసా స్టాంపు మాత్రం గడువు దాటి ఉంటుంది. అలాంటివాళ్లు కెనడాకో మెక్సికోకో 30 రోజుల లోపు వెళ్లి పాత స్టాంపుతోనే తిరిగి రావడానికి ఒక నిబంధన ఉంది. అది హెచ్-1బి వారికి ఆ రెండు దేశాల వరకే. జమైకాకో బహామాస్‌కో వెళ్తే వర్తించదు, ఆ దీవులను తాకే క్రూజ్ ఎక్కినా వర్తించదు. మూడు రాత్రుల క్రూజే కదా అని ఎక్కితే తిరిగి రావడానికి దారి మూసుకుపోతుంది. ఎఫ్-1, జె-1 విద్యార్థులకు మాత్రం అదే నిబంధన క్యూబా మినహా పొరుగు దీవులకూ వర్తిస్తుంది. మెక్సికోలోనూ ఒక మెలిక ఉంది: తిరిగి అమెరికా రావడానికి పాత స్టాంపు పనికొచ్చినా, మెక్సికోలో అడుగుపెట్టడానికి పనికిరాదు. చెల్లే అమెరికా వీసా లేనప్పుడు మెక్సికో వీసా విడిగా తీసుకోవాలి. ఈ నిబంధనలు మారుతుంటాయి. టికెట్ కొనే ముందు మీ కంపెనీ ఇమ్మిగ్రేషన్ లాయర్‌ను అడగండి. స్నేహితుడు పోయినేడు వెళ్లొచ్చాడన్నది ఆధారం కాదు. మరొకటి, తిరిగి వచ్చినప్పుడు కొత్త ఐ-94 ఇస్తారు. పాస్‌పోర్ట్ గడువు దగ్గర్లో ఉంటే ఆ తేదీ వరకే ఇవ్వొచ్చు. రాగానే వెబ్‌సైట్లో తేదీ చూసుకోండి.

స్టాంపు లేనివాళ్లకు దిగులు లేని దారి ఒకటుంది. ప్యూర్టో రికో, అమెరికా వర్జిన్ దీవులు అమెరికా భూభాగాలే. ప్రధాన భూభాగం నుంచి నేరుగా వెళ్తే దేశం దాటినట్టు కాదు. పాస్‌పోర్ట్, ఐ-797 (హెచ్-1బి మంజూరు పత్రం), ఐ-94 కాగితాలు మాత్రం చేతిలో ఉండాలి, ఎందుకంటే వర్జిన్ దీవుల నుంచి వచ్చేటప్పుడు అధికారులు తనిఖీ చేస్తారు. వర్జిన్ దీవుల్లో ఒకటైన సెయింట్ జాన్‌లోని ట్రంక్ బే, కులేబ్రాలోని ఫ్లమెంకో బీచ్ ఏ విదేశీ దీవికీ తీసిపోవు. మొదటి ప్రయాణానికి నేను మళ్లీ మళ్లీ చెప్పేది ఇదే. ప్యూర్టో రికో నుంచి మామిడిపండ్లు మాత్రం తేవాలనుకోకండి. వ్యవసాయశాఖ వాళ్లు విమానాశ్రయంలో సామాను చూసి తీసేస్తారు.

ట్రినిడాడ్ వెళ్లి నేరుగా ఇండియాకు వచ్చేవాళ్లు ఎల్లో ఫీవర్ టీకా సంగతి చూసుకోవాలి. మన ప్రభుత్వ జాబితాలో ట్రినిడాడ్ ఉంది. అక్కడి నుంచి బయలుదేరిన ఆరు రోజుల లోపు టీకా ధ్రువపత్రం లేకుండా ఇక్కడ దిగితే క్వారంటైన్‌లో పెడతారు. టీకా పనిచేయడం మొదలయ్యేది పది రోజుల తర్వాత, అందుకే ముందుగానే వేయించుకోవాలి. చాలా దీవులు ప్రయాణానికి ముందు ఆన్‌లైన్ ఫారం నింపమంటాయి. డొమినికన్ రిపబ్లిక్‌లో దాన్ని ఈ-టికెట్ అంటారు, జమైకాలో సీ5. రెండూ ప్రభుత్వ వెబ్‌సైట్లో ఉచితం. డబ్బు అడుగుతోందంటే మీరున్నది ప్రభుత్వ వెబ్‌సైట్ కాదు.

ఏ డాలర్?

టాక్సీ అతను నలభై డాలర్లన్నాడు. ఏ డాలర్లు? బార్బడోస్ డాలర్ రెండైతే అమెరికా డాలర్ ఒకటి. గ్రెనడా, సెయింట్ లూసియా, ఆంటిగ్వా, డొమినికా లాంటి ఎనిమిది చోట్ల వాడే తూర్పు కరీబియన్ డాలర్లు 2.70 అయితే అమెరికా డాలర్ ఒకటి, 1976 నుంచి ఇదే లెక్క. అంటే ఆ నలభై ఒకచోట 20, మరోచోట 15 కంటే తక్కువ, ఇంకోచోట అచ్చంగా 40. కేమన్ డాలర్ అయితే అమెరికా డాలర్ కంటే ఎక్కువ విలువైనది. ఎక్కేముందే 'యూఎస్సా, ఇక్కడిదా' అని అడిగేయండి. చాలా దీవుల్లో టాక్సీలకు మీటర్ ఉండదు, ఊరికీ ఊరికీ ప్రభుత్వం కట్టిన ధర ఉంటుంది. విమానాశ్రయంలో ఆ పట్టీ అంటించి ఉంటే ఫొటో తీసుకోండి. అమెరికా వర్జిన్ దీవుల్లో మనిషికింత అని లెక్క. నలుగురున్న కుటుంబానికి అది గట్టిగానే తగులుతుంది.

బార్బడోస్‌లో బస్సులు బాగుంటాయి. ఎక్కడ ఎక్కి ఎక్కడ దిగినా ఒకటే టికెట్ ధర. తెల్ల వ్యాన్లు కూడా తిరుగుతాయి, పాటలు హోరెత్తుతాయి, ఇరుక్కుని కూర్చోవాలి. మన షేర్ ఆటో ఎక్కినవాళ్లకు అలవాటైన సంగతే. కారు అద్దెకు తీసుకుంటే బార్బడోస్, జమైకా, ఆంటిగ్వా, గ్రెనడాల్లో మనలాగే ఎడమ పక్కన నడపాలి. అమెరికా వర్జిన్ దీవుల్లోనూ ఎడమ పక్కే, కానీ కార్లు అమెరికావి, స్టీరింగ్ ఎడమ వైపే. మొదటి అరగంట కంగారుగా ఉంటుంది. ఏడాది పొడవునా సాయంత్రం ఆరు అటూ ఇటుగా చీకటి పడిపోతుంది. కొండ దీవుల్లో ఆ తర్వాత డ్రైవింగ్ పెట్టుకోకండి.

హోటల్ ధర చూసేటప్పుడు పన్ను, సర్వీస్ చార్జి కలిపారో లేదో చూడండి. అన్నీ కలిపిన ప్యాకేజీ హోటళ్లు, అంటే తిండి, తాగుడు, ఆటలు అన్నీ ఒకే ధరలో ఇచ్చేవి, జమైకాలో, పుంటా కానాలో ఎక్కువ. చిన్నపిల్లలతో నాలుగు రోజులు కదలకుండా ఉండాలంటే అవి నయం. మద్యం తాగని, మాంసం తినని కుటుంబం మాత్రం వాడని వాటికి డబ్బు కడుతున్నట్టే. బార్బడోస్‌లో బీచ్‌లన్నీ ప్రజలవే కనుక ఒడ్డునే ఖరీదైన గది తీసుకోనక్కర్లేదు, రెండు వీధుల వెనక వంటగది ఉన్న ఇల్లు చాలు. జమైకాలో అలా కాదు. సముద్రతీరం మీద జనానికి సాధారణ హక్కు అక్కడి 1956 నాటి చట్టం ఇవ్వలేదు. హోటల్ వెనక గది తీసుకుంటే సముద్రం దాకా దారి ఉండకపోవచ్చు. తమ సముద్రానికి తామే వెళ్లలేకపోతున్నామని జమైకా వాళ్లు చేస్తున్న పోరాటం న్యాయమైనదని నాకు అనిపిస్తుంది.

నీళ్లలో దిగే ముందు

కింగ్‌స్టన్, వరంగల్ దాదాపు ఒకే అక్షాంశం మీద ఉన్నాయి. బ్రిడ్జ్‌టౌన్, చెన్నై కూడా అంతే. అక్కడి ఎండ మన ఎండే. తేడా ఒక్కటే, గాలి చల్లగా తగులుతుంటే ఒళ్లు కాలుతున్నట్టు తెలియదు. మన చర్మానికేం కాదనుకుని మధ్యాహ్నమంతా నీళ్లలో ఉన్నవాళ్లు రాత్రికి భుజాలు మండి పడుకోలేరు. క్రీమ్ కంటే నిండు చేతుల ఈత చొక్కా మేలు. ఆడవాళ్లకూ పిల్లలకూ అది సౌకర్యంగా కూడా ఉంటుంది. క్రీమ్ తప్పదనుకుంటే జింక్ ఆక్సైడ్ రకం కొనండి. పగడాలకు హాని చేసే ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్ ఉన్నవాటిని అమెరికా వర్జిన్ దీవులు 2020లో నిషేధించాయి.

మనలో ఈత రానివాళ్లు చాలామంది, ఈ సంగతి మొహమాటం లేకుండా మాట్లాడుకోవాలి. విశాఖ ఆర్‌కే బీచ్‌లో లోపలికి లాగే ప్రవాహం ఎందరిని బలిగొందో మనకు తెలుసు. గాలి కొట్టే తీరాల్లో అలాంటి ప్రవాహాలే ఉంటాయి. అందులో చిక్కితే ఒడ్డుకేసి ఎదురీదితే అలసిపోయి మునిగిపోతారు. వెల్లకిలా తేలుతూ, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు కదలాలి. ఆ పట్టీ దాటాక ఒడ్డుకు రావచ్చు. స్నార్కెలింగ్‌కు, అంటే గొట్టంతో గాలి పీలుస్తూ నీటి అడుగు చూడ్డానికి, పడవ ఎక్కితే లైఫ్ జాకెట్ అడిగి వేసుకోండి. బ్రిడ్జ్‌టౌన్ పక్కనే కార్లైల్ బేలో తాబేళ్లు కనిపిస్తాయి, లైఫ్ జాకెట్ వేసుకునే హాయిగా చూడొచ్చు. ముట్టుకోవద్దు.

ఇసుకలో ఒక చెట్టు ఉంటుంది, మాంచినీల్. రేగుపండంత, కొంచెం పెద్దగా, పచ్చటి ఆపిల్‌లా కనిపించే కాయలు రాలి ఉంటాయి. తింటే గొంతు వాచిపోతుంది. పాలు తగిలితే చర్మం బొబ్బలెక్కుతుంది. వాన పడుతుంటే దాని కింద నిలబడినా అంతే, ఆకుల మీదుగా జారిన నీటిలో ఆ పాలు కలిసి ఉంటాయి. చాలాచోట్ల మాను మీద ఎర్రరంగు పట్టీ వేస్తారు, వేయనివీ ఉంటాయి. పిల్లలకు ముందే చెప్పండి, ఒడ్డున దొరికిన ఏ కాయా నోట్లో పెట్టుకోవద్దని. ఇక దోమలు, డెంగీ మనకు కొత్త కాదు. గర్భిణులు కడుపులో బిడ్డకు హాని చేసే జికా వైరస్ గురించి డాక్టర్‌ను అడిగాకే టికెట్ కొనాలి.

పలకరింపు, తిండి

దుకాణంలోకి అడుగుపెట్టగానే 'ఇదెంత' అని అడిగితే అక్కడ మర్యాద తప్పినట్టే. ముందు గుడ్ మార్నింగ్, మధ్యాహ్నం దాటితే గుడ్ ఆఫ్టర్‌నూన్, ఆ తర్వాతే పని. బస్సు ఎక్కినవాళ్లు మొత్తం బస్సుకే నమస్కారం చెప్పినట్టు పలకరిస్తారు. ఈ ఒక్క మాటతో ఎదుటివాళ్ల ముఖం మారిపోవడం నేను చూశాను. ఈత దుస్తుల్లో ఊళ్లో తిరగకూడదు. మిలిటరీ మచ్చల బట్టలు బార్బడోస్, జమైకా, ట్రినిడాడ్ వంటి చాలా దేశాల్లో చట్టప్రకారం నిషేధం, పిల్లలకు కూడా. పెట్టె సర్దేటప్పుడే తీసి పక్కన పెట్టండి.

శాకాహారులు పచ్చళ్లు, పొడులు మోసుకెళ్లాలా? కొంచెం తీసుకెళ్లండి, కానీ భయపడకండి. జమైకాలో రాస్తఫారి మతం వాళ్లు 'ఐటల్' అనే వంట చేస్తారు, మాంసం ఉండదు, కొబ్బరిపాలు, కందలు, ఆకుకూరలు. మన కారానికి దీటైన స్కాచ్ బానెట్ మిరపకాయ అన్ని దీవుల్లో దొరుకుతుంది. ట్రినిడాడ్‌లో కలాలూ అనే ఆకుకూర పులుసు అడిగేటప్పుడు పీత వేశారేమో కనుక్కోండి.

ఆ దీవుల్లో మన తిండి ఉండటం వెనక కథ బరువైనది. బానిసత్వం రద్దయ్యాక చెరకు తోటలకు కూలీలు కావాల్సి వచ్చి ఇండియా నుంచి ఒప్పందం మీద జనాన్ని తీసుకెళ్లారు. ట్రినిడాడ్‌లో మొదటి ఓడ 1845 మే 30న ఆగింది. ఎక్కువమంది భోజ్‌పురీ ప్రాంతాలవాళ్లు. మద్రాసు ఓడల్లో తమిళులతో పాటు తెలుగువాళ్లూ వెళ్లారు, వాళ్లందరికీ అక్కడ 'మద్రాసీ' అనే ఒకే పేరు మిగిలింది. గ్వాడలూప్, మార్టినిక్‌లకు ఫ్రెంచివాళ్లు ఎక్కువగా తమ ఏలుబడిలోని రేవుల నుంచి పంపారు. గ్వాడలూప్‌లో ఇప్పటికీ కరివేపాకును 'కలుపిలే' అంటారు. తమిళ కరువేప్పిలై నూటయాభై ఏళ్లలో అరిగి అలా మిగిలింది. భాష పోయింది, ఆకు మాత్రం పెరట్లో నిలిచింది. బీచ్ కోసం వెళ్లినా ఒక పూట వాళ్ల సంతకు వెళ్లి ఆ ఆకు వాసన చూసి రండి.

ట్రినిడాడ్ వెళ్తే పొద్దున్నే రోడ్డు పక్క డబుల్స్ బండి దగ్గర నిలబడాలి. పసుపు వేసి నూనెలో వేయించిన మెత్తటి రెండు బారాలు (చిన్న రొట్టెలు), మధ్యలో శనగల కూర, పైన చింతపండు పచ్చడి, దోసకాయ తురుము. అచ్చంగా శాకాహారం. బండి అతను కారం ఎంత అని అడుగుతాడు. మనం ఆంధ్రవాళ్లం కదా అని మొదటిసారే నిండుగా వేయమనకండి. 'స్లైట్' అనండి, అంటే కొద్దిగా. అదే మనకు చాలినంత కారం. తొమ్మిదింటికల్లా వెళ్లిపోండి, బండి ఖాళీ అయిపోతుంది.